మడత పడని ఐదో పేజీ

ఇంకా గంట ఉంది. గోడగడియారం రెండు చూపిస్తోంది, హాల్లో నలభై రెండు తలలు కాగితాల మీదికి వంగి ఉన్నాయి, నా బల్ల మీద ఒక కవరు ఉంది, ఆ కవర్లో ఏముందో ఇప్పుడే చూశాను కాబట్టి ఈ గంట ఎలా గట్టెక్కాలో తెలియడం లేదు. పరీక్ష హాల్లో కాపలా కాసేవాళ్లు చదవకూడదు, రాయకూడదు, ఫోను ముట్టుకోకూడదు, పది నిమిషాలకు మించి కూర్చోకూడదు. ఆ నియమాల కాగితం తలుపు వెనక అంటించి ఉంది, అందులో ముప్పాతిక భాగం నేను రాసిందే. ఎక్కడ ఏ నియమం కాస్త వదులైనా నాకు ముద్ద దిగదు, అందుకే పిల్లలు నాకు కొలబద్ద మేడమ్ అని పేరు పెట్టారు, అది నా చెవిన పడలేదని వాళ్ల నమ్మకం. ఆలోచించకూడదు అని మాత్రం ఆ కాగితంలో రాయలేదు. రాసి ఉంటే ఇవాళ నాకే పనికొచ్చేది.

పరీక్షల గుమస్తా గారు అడుగుల చప్పుడు కాకుండా వచ్చారు. ఈ కాలేజీలో అందరికంటే ఎక్కువ రహస్యాలు తెలిసిన మనిషి, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. కవరు బల్ల మీద పెట్టి, మీటింగుకి ముందే చూసుకోవాలని సైగ చేసి, "మీదే ముందు తెచ్చాను మేడమ్. మీరు పెట్టిన పద్ధతే కదా," అని గొంతు తగ్గించి అన్నారు. నేను నవ్వాను కూడా. అద్దం పేపరు అని దానికి పేరు పెట్టింది నేనే. ప్రాజెక్టు రిపోర్టులు మాకు రెండు కట్టలుగా వస్తాయి, మూడు వారాల ఎడంతో. ఒక్కో రిపోర్టుకి పిల్లలు మూడు ప్రతులిస్తారు, దిద్దే ఇద్దరికీ చెరొకటి, ఆఫీసుకి ఒకటి. మొదటి కట్టలో మేం దిద్దేసిన ఒక రిపోర్టుకి గుమస్తా గారు ఆఫీసు ప్రతి తీసి, వేరే నంబరు వేసి, రెండో కట్టలో కలిపేస్తారు. ఏది కలిపారో దిద్దేవాళ్లకి తెలియదు. ఒకే రిపోర్టుకి ఒకే మనిషి రెండుసార్లు ఎంతెంత వేశారో ఆఖర్న కవర్లో పెట్టి ఆ మనిషికి మాత్రమే చూపిస్తారు. మొదట్లో స్టాఫంతా ఒంటికాలి మీద లేచారు, ఇన్నేళ్ల సర్వీసు తర్వాత మా మీద ఈ అనుమానాలేమిటి అని. అప్పుడు నేనే బుజ్జగించి ఆ షరతు పెట్టాను, ఎవరి మొహం వాళ్లే చూసుకుంటారు, పక్కవాళ్లకి చూపించక్కర్లేదు అని. తేడా ఐదు మార్కులు దాటితే గుమస్తా గారి రిజిస్టరులో కారణం రాయాలి, ఆ రిజిస్టరు బీరువాలోకి పోతుంది, అంతే. కారణం రాసే గడిని వేలెడు వెడల్పున గీయించాను, ఎవరికి అవసరమవుతుందిలే అని. మూడేళ్లుగా నా తేడా ఎప్పుడూ రెండు మార్కులు దాటలేదు, ఒకసారి సున్నా. సున్నా వచ్చిన రోజున చెల్లికి ఫోను చేసి మరీ చెప్పుకున్నాను.

ఈసారి పదిహేడో నంబరుకి ముప్పై ఎనిమిది. అదే రిపోర్టుకి, అరవై నాలుగో నంబరు వేసి ఉన్నప్పుడు, అరవై. రెండు ప్రతులూ కవర్లో ఉన్నాయి, రెండింటి మీదా నా చేతిరాతే, ఆ గుండ్రటి అంకెలు నావి కావని బుకాయించడానికి లేదు. వీధి మలుపులో తాళంచెవులు చేసే ఒకాయన కొట్టు గురించిన రిపోర్టు. నలభై వస్తే పాసు. అంటే ఒకసారి నేనే ఫెయిలు చేశాను, ఒకసారి నేనే హాయిగా పాసు చేశాను, రెండుసార్లూ అదే మనిషిని, అదే కళ్లజోడు. ఇంతటితో అయితే పొరపాటు అనుకుని ఆ గడిలో ఏదో ఒక ముక్క రాసి ఊరుకునేదాన్ని. కానీ పరీక్ష అయిన పావుగంటకి, మూడుంపావుకి, హెడ్ గారి గదిలో మీటింగు ఉంది, ఆ మీటింగు సరిగ్గా ఈ పదిహేడో నంబరు గురించే, ఆ మీటింగు పెట్టించింది కూడా నేనే.

పది నిమిషాలైంది, లేవాలి. కవరు అట్టకింద దాచి వరసల మధ్య నడుస్తున్నాను. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి చేయి ఎత్తింది, అదనపు కాగితం కావాలట, ఇచ్చాను, థాంక్స్ అని పెదాలు కదిపి మళ్లీ వంగిపోయింది. పదిహేడు ఈ అమ్మాయి కావచ్చు. కాకపోవచ్చు. రిపోర్టుల మీద పేర్లుండవు, నంబర్లే, అదీ నా పట్టుదలే, పేరు చూస్తే మొహం గుర్తొస్తుంది, మొహం గుర్తొస్తే చెయ్యి జారుతుంది అని నేనే క్లాసులు పీకాను. ఇప్పుడు మొహం కోసం వెతుకుతున్నాను. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నవాడి వేళ్ల మీద గీతలున్నాయి, ఆకురాయి పట్టిన చేతులేమో, తాళంచెవులాయన కొడుకేమో అనుకుని దగ్గరికెళ్తే అవి పెన్ను సిరా మరకలు. ముందు వరసలో పెద్దాయన ఒకాయన, నలభై ఏళ్లుంటాయి, పగలు ఎక్కడో డ్యూటీ చేసి వచ్చి చదువుతున్నాడు, ఆయనే అయితే. ఈ మూడు నెలల కోర్సు మళ్లీ కట్టి చదవమంటే ఆయన మానేస్తాడు. ఆయనే కానక్కర్లేదు, వీళ్లలో ఎవరైనా మానేయచ్చు. ఎందుకు మానేస్తారో నాకు బాగా తెలుసు, మా ఇంట్లో ఒకరు మానేశారు.

వద్దు, అటు వెళ్లకు. ముందు కాగితం సంగతి చూడు.

కవర్లోంచి తీసినప్పుడే నా చూపు పడింది, మార్కుల మీద కాదు, మూల మీద. రిపోర్టులకి ఎడమ పై మూలన పిన్ను కొట్టి ఉంటుంది. పేజీ తిప్పినప్పుడల్లా పిన్ను దగ్గర ఏటవాలుగా ఒక మడత పడుతుంది, ఎంత జాగ్రత్తగా తిప్పినా పడుతుంది. అరవై నాలుగో ప్రతికి మొదటి పేజీ నుంచి తొమ్మిదో పేజీ దాకా మడతలున్నాయి. పదిహేడో ప్రతికి నాలుగు పేజీలకే ఉన్నాయి. ఐదో పేజీ మూల అప్పుడే మిషన్లోంచి వచ్చినట్టు నున్నగా ఉంది. ముప్పై ఎనిమిది వేసిన రోజున నేను ఐదో పేజీ తిప్పలేదు. దిద్దలేదు అనడానికి కూడా లేదు, అసలు చదవలేదు. ఎర్ర సిరాతో నా టిక్కులు నాలుగో పేజీ కింద చక్కగా ఆగిపోయి ఉన్నాయి.

ఆ రోజు గుర్తు తెచ్చుకుందాం. శుక్రవారానికల్లా మార్కులు ఇచ్చేయాలని పట్టుబట్టింది నేనే, అందరికంటే ముందు ఇచ్చేయాలని పోటీ పడిందీ నేనే. ముప్పై రిపోర్టులు, ఒక్కోదానికి పదకొండు నిమిషాలు, బల్ల మీద గడియారం. పక్కన నా మూల్యాంకన పత్రం, పన్నెండు గళ్లు. అకౌంట్లు అన్న శీర్షిక కింద మూడు గళ్లు, మార్కెటింగు కింద మూడు, చట్టం కింద మూడు, ఉత్తరప్రత్యుత్తరాల కింద మూడు. గడిలో అడిగింది ఉంటే టిక్కు, లేకపోతే సున్నా. పదిహేడో నంబరు తెరిస్తే అసలు శీర్షికలే లేవు. కొట్టు ఎలా ఉంటుంది, ఆయన పొద్దున ఎన్నింటికి తెరుస్తాడు, ఎదురుగా ఎవరుంటారు, అలా కథ చెప్పుకుంటూ పోతోంది. చట్టం ఎక్కడ అని వెతికాను, కనిపించలేదు. నాలుగో పేజీ దగ్గర గడియారం చూశాను. గళ్లన్నీ దాదాపు ఖాళీ. తూతూమంత్రంగా కింద కూడిక వేసి, ముప్పై ఎనిమిది రాసి, పక్కన పెట్టేశాను. ఆ తర్వాత లేచి చేతులు విరుచుకున్నానేమో కూడా. ఏ బాధా లేదు. ఆ రోజు నాకు ఏ బాధా కలగలేదన్నదే ఇప్పుడు బాధగా ఉంది.

ఎవరిదో పెన్ను కింద పడింది, సిమెంటు గచ్చు మీద దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది, తీసి ఇచ్చాను. పెన్ను అంటే పావుమార్కు మాస్టారు గుర్తొస్తారు, ఆయన పెన్ను వాడరు కాబట్టి. పెన్సిలే. పెన్సిలైతే తప్పు చేస్తే చెరుపుకోవచ్చమ్మా అంటారు. అకౌంట్లు చెబుతారు, నాకూ చెప్పారు, పాతికేళ్ల కిందట ఇదే మేడ మీద. అర మార్కుకి కూడా మనసొప్పక పావు మార్కులు వేసే మనిషి, అరవై ఒకటింపావు, నలభై నాలుగు ముప్పావు, మార్కుల జాబితా ఎక్కించే అమ్మాయికి తల ప్రాణం తోకకొస్తుంది. నాకూ ఆయనకీ మధ్య జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజులు లెక్కలేనన్ని, అయినా ఈ ఉమ్మడి కోర్సు మా ఇద్దరిదీ. అంతకుముందు నాలుగు సబ్జెక్టులు నాలుగు గదుల్లో చెప్పేవాళ్లం. పిల్లలు పొద్దున చట్టం క్లాసులో వినియోగదారుణ్ణి మోసం చేయరాదు అని బట్టీపట్టి, మధ్యాహ్నం మార్కెటింగు క్లాసులో అబద్ధాల ప్రకటన రాసి పదికి పది తెచ్చుకునేవాళ్లు, రెండింటికీ సంబంధం ఉందని వాళ్లకీ తట్టేది కాదు, మాకూ తట్టేది కాదు. ఒకరోజు మాస్టారే అన్నారు, వ్యాపారం చేసేవాడికి నాలుగు తలకాయలుండవు, నలుగురం కలిసి ఒక్క క్లాసు చెబుదాం, ఒక్కొక్కళ్లూ ఒక కొట్టుని పట్టుకుని మూడు నెలలు చూసి రాసుకొస్తారు అని. అలా మొదలైంది. నలుగురిలో ఏ ఇద్దరైనా ఒక రిపోర్టుని విడివిడిగా దిద్దాలి, ఇద్దరి మార్కులూ ఐదుకి మించి తేడా రాకూడదు, దానికి అందరికీ ఒకే పత్రం ఉండాలి అన్నది నేను. పత్రం చూసి మాస్టారు చాలాసేపు పెన్సిలు తిప్పుకుంటూ కూర్చున్నారు. "కలిపి చెప్పి, విడదీసి దిద్దుతామా అమ్మాయ్?" అన్నారు. కొలత ఉండాలి కదా మాస్టారూ అన్నాను. ఉండాలిలే అన్నారు, కాదనలేదు. నేను గెలిచాననుకున్నాను.

పదిహేడో నంబరుకి ఆయన అరవై ఒకటింపావు వేశారు. నేను ముప్పై ఎనిమిది. అంత తేడా చూసి నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ జాలిపడి పోసేశారు, పత్రం మొహం కూడా చూసి ఉండరు, ఇలాగైతే పిల్లలకి నమ్మకం ఏముంటుంది అని అప్పటికప్పుడు కూర్చుని హెడ్ గారికి ఉత్తరం రాశాను. ఉత్తరాలు రాయడం నేర్పేది నేనే కదా, బాగానే రాశాను. ఒకే కొలతకు కట్టుబడని వారిని ఉమ్మడి కోర్సులో కొనసాగించడం విద్యార్థులకు అన్యాయం అని ఒక వాక్యం ఉంది అందులో. పేరు రాయలేదు, రాయక్కర్లేదు. ఈ మధ్యాహ్నం ఆ వాక్యం మీదే మీటింగు. నా మార్కు నిలబడితే పదిహేడో నంబరు ఫెయిలు, మాస్టారు ఉమ్మడి కోర్సులోంచి బయటికి. ఆయనని మొదటి సంవత్సరం సెక్షన్లకి పంపేస్తారు, ఆయన కట్టిన కోర్సులో ఆయనే ఉండరు. ఉత్తరం కాపీ ఆయనకీ వెళ్లింది. మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడితే, ఎప్పటిలాగే, "భోజనం అయిందా?" అన్నారు.

రెండు ఇరవై. ఫ్యాను ఒకటి టకటకమంటోంది, ఆ కింద కూర్చున్నవాడు కాగితాల మీద మోచెయ్యి పెట్టుకుని రాస్తున్నాడు. మరి రెండోసారి అరవై ఎలా వేశాను. నాకు జాలి లేదు, పేరూ తెలియదు. ఆ రోజు పన్ను పీకించుకోవడానికి వెళ్లాను, అదీ సంగతి. డాక్టరు గారి ముందు గదిలో ఏడుగురం దవడలు పట్టుకుని కూర్చున్నాం. రెండో కట్ట సంచిలో ఉంది కదా అని తీశాను, మూల్యాంకన పత్రాలు మాత్రం కాలేజీలోనే మరిచిపోయాను. గళ్లు లేవు, గడియారం చూసినా లాభం లేదు, లోపలున్నవాడు ఎప్పుడు బయటికొస్తాడో ఎవరికీ తెలియదు. ఇంకేం చేస్తాం, చదివాను. మొదటి పేజీలో ఎక్కడో ఇలాంటిది చూశానే అనిపించింది, అందరూ అవే వీధుల్లో అవే కొట్లు పట్టుకుంటారులే అని సరిపెట్టుకున్నాను. నాలుగు పేజీలు సాదాసీదాగానే ఉన్నాయి, అది నిజం, ఇప్పటికీ అంటాను. ఐదో పేజీలో ఒకాయన సబ్బుబిళ్ల తెస్తాడు.

సబ్బు మీద తాళంచెవి అచ్చు ఉంటుంది. చెవి పోయింది, ఇదొక్కటే మిగిలింది, దీన్ని చూసి చేసిపెట్టు అంటాడు. తాళంచెవులాయన చేయడు. ఎవరి ఇంటిదో తెలియని అచ్చుకి చెవి చేస్తే రేపు ఏ నేరానికి తోడుపోయినవాణ్ణవుతానో అని ఆయన భయం, అది చట్టం. అలా నెలకి ఎంత పని పోగొట్టుకుంటాడో, ఆ సంగతి తెలిసిన మూడు పెద్ద భవనాల కాపలావాళ్లు తమ తలుపులన్నీ ఆయనకే అప్పగించడం వల్ల ఎంత పని వస్తుందో ఆ పక్కనే ఉంది, అది అకౌంట్లూ మార్కెటింగూ. అన్నిటికంటే ఆయన కాదని చెప్పే తీరు. వచ్చినవాణ్ణి దొంగ అని అనడు, మొహం మాడ్చడు. సబ్బుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఈ అచ్చుకు సరిపోయే, గాట్లు పెట్టని ఖాళీ చెవి నా దగ్గర లేదండీ, అసలు చెవి దొరికితే తీసుకురండి, అప్పుడు చూద్దాం అంటాడు. ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకి నేర్పలేక కొట్టుకుంటున్న పాఠం అది, కుదరదని చెప్పాలి, మనిషిని నొప్పించకూడదు. నాలుగు సబ్జెక్టులూ ఒకే పేరాలో ఉన్నాయి, శీర్షికలు పెట్టడానికి సందు లేదు. విడదీస్తే చచ్చిపోయే పేరా. నర్సు నా పేరు రెండుసార్లు పిలిచిందట, వినిపించలేదు. ఇంటికొచ్చి, అరదవడతోనే చెల్లికి ఫోను చేసి ఆ తాళంచెవులాయన మాట వినిపించాను. అది పగలబడి నవ్వి ఎంతేశావు అంది. అరవై అన్నాను. అంతేనా, మహా పిసినారివే నువ్వు అంది.

చెల్లి. వద్దనుకున్నా అక్కడికే వచ్చాను. అది నాకంటే ఏడాది చిన్న, నాకు జ్వరం వచ్చి ఒక సంవత్సరం పోవడంతో ఇద్దరం ఒకే క్లాసు. ఒకే బెంచీ, ఒకే నోట్సు, పరీక్ష ముందు ఒకళ్లకొకళ్లం అప్పజెప్పుకునేవాళ్లం. ఆ టెర్ము పరీక్షలో ఇద్దరం ఇంచుమించు ఒకే జవాబు రాశాం, మాటలతో సహా. నాకు యాభై రెండు, దానికి ముప్పై ఒకటి. మా ఇద్దరి నంబర్ల మధ్యే కట్ట తెగింది, దానిది వేరే ఆయన దిద్దాడు. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం, నియమాలు ఒప్పుకోవు అన్నారు. అది ఆ ఏడే మానేసింది. ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది, దర్జాగా ఉంటుంది, చదవడానికి కావలసింది నేను అమ్ముతా, చదవడం మీ పని అంటుంది, నా ముక్కు మీద ఉన్నది కూడా అది కుదిర్చిందే. దాని కోసమే నేను ఈ కొలబద్ద పట్టుకున్నాను, ఇంకెవరి చెల్లికీ అలా జరక్కూడదని. ఈ మాట ఒకసారి దానితోనే అన్నాను, కాస్త గొప్పగానే అన్నాను. అది అద్దాలు తుడుస్తూ విని, "మార్కులు తక్కువొచ్చాయని కాదే అక్కా. ఆఖరి రెండు పేజీలూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ఆయన విప్పలేదు. అది చూశాక ఇంక రాయబుద్ధి కాలేదు," అంది. నేను దానికి ఏదో బదులు చెప్పాను, కొలత ఉంటే అలా జరగదులే అనో ఏదో. ఇన్నేళ్లుగా నేను తేడా అన్న ముక్కే విన్నాను, పేజీలు అంటుకుని ఉన్నాయన్నది వినలేదు.

రెండు నలభై. బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాను. అట్టకింద పదిహేడో ప్రతి ఉంది, బొటనవేలు దాని మూల మీద పడింది. సరదాగా తిప్పినట్టు ఐదో పేజీ తిప్పితే చాలు, మడత పడుతుంది. ఆరు, ఏడు, తొమ్మిది దాకా. ఇరవై సెకన్ల పని. అప్పుడు నేను అంతా చదివే ముప్పై ఎనిమిది వేశానన్నమాట, మాస్టారితో అభిప్రాయభేదం అన్నమాట, చదువుకున్నవాళ్ల మధ్య ఉండేదే. అరవై సంగతి అంటారా, పంటి నొప్పిలో వేశాను, పత్రం దగ్గర లేదు, కాబట్టి తప్పు అదే. ఆ వేలెడు గడిలో అస్వస్థత అని రాస్తే గుమస్తా గారు రిజిస్టరు మూసేస్తారు, ఆయన నోరు విప్పరు, విప్పకూడదన్నది నా నియమమే. ఎంత చక్కగా అమరిపోతోంది అంతా. ఒకళ్ల మీద వేలెత్తి ఉత్తరం రాసినదాన్ని, అందరి ముందూ పప్పులో కాలేశానని ఎలా చెప్పను, రేపు స్టాఫ్ గదిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను. నన్ను చూసి నవ్వుతారు, నవ్వితే పరవాలేదు, పత్రాన్నే తీసి అవతల పారేస్తారు, ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకుందాం అంటారు, మళ్లీ మా చెల్లిలాంటివాళ్లు. పత్రం తప్పు కాదు. పత్రం పక్కన కూర్చున్న మనిషి చదవాలి కదా. వేలికింద కాగితం అంచు చల్లగా, పదునుగా ఉంది. ఆ అంచు పట్టుకున్నాను. కొంచెం లేపాను కూడా, సబ్బుబిళ్ల అన్న మాట సగం కనిపించింది. సబ్బుబిళ్ల తెచ్చినవాడు కూడా ఇలాగే నిలబడి ఉంటాడు, ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూస్తూ. వదిలేశాను. కాగితం మళ్లీ నున్నగా పడుకుంది.

పది నిమిషాలే ఉన్నాయి అని చెప్పాను. హాలంతా ఒక్కసారి కదిలింది, కాగితాలు గబగబా, తాడు ముక్కలు, దగ్గులు. మూడు కొట్టాక ఒక్కొక్కళ్లే వచ్చి ఇస్తున్నారు, లెక్కపెట్టి తీసుకుంటున్నాను. కిటికీ పక్కవాడు కాగితాలు నా చేతిలో పెట్టి వెళ్లబోయి ఆగి, "వెనక కూడా రాశానండీ," అన్నాడు. అదనపు కాగితం అడిగిన అమ్మాయి చివరి పేజీ తిప్పి వేలు పెట్టి చూపించి, "ఇక్కడ కూడా ఉంది మేడమ్," అంది. ముందు వరస పెద్దాయన చివరి పేజీ కింద 'వెనక చూడండి' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ప్రతి పరీక్షకీ చెబుతారు ఈ మాట, ప్రతిసారీ చూస్తాంలే వెళ్లండి అని విసుక్కునేదాన్ని. ఇన్నేళ్లూ ఆ మాటని వాళ్ల కంగారు అనుకున్నాను. మమ్మల్ని నమ్మరన్నమాట, నమ్మకపోయినా మర్యాదగా గుర్తు చేస్తున్నారన్నమాట. "తప్పకుండా చూస్తాను," అన్నాను. ఆ అమ్మాయి వింతగా చూసి వెళ్లిపోయింది.

నలభై రెండూ కట్టకట్టి అప్పజెప్పి వరండాలోకి వస్తే మాస్టారు నా కోసమే అన్నట్టు స్తంభం పక్కన నిలబడి ఉన్నారు, చేతిలో ఫైలు, చెవి మీద పెన్సిలు. ఇద్దరం హెడ్ గారి గది వైపు నడిచాం. నేను పదిహేడో ప్రతిని రెండు చేతులతో బల్లపరుపుగా పట్టుకున్నాను, ఎక్కడా వంగకుండా. ఆయన అది చూశారో లేదో తెలియదు. కాసేపటికి, తనకీ ఓపిక తగ్గుతోందని, గళ్లలో తన మార్కులు ఇమడటం లేదని, లోపల గొడవ పడక్కర్లేదని, తానే తప్పుకుంటానని చెప్పేస్తానని అన్నారు. "నువ్వు నిలబెట్టు దీన్ని. నీకు ఆ పట్టుదల ఉంది," అన్నారు. ఆ మాటలో వెటకారం ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నాను, ఉంటే నాకు సులువయ్యేది. లేదు. "మాస్టారూ, మీరు ముందు మాట్లాడకండి, నన్ను మాట్లాడనివ్వండి," అన్నాను. ఆయన సరేనన్నారు, ఏమిటని అడగలేదు.

గదిలో హెడ్ గారు, చట్టం చెప్పే మేడమ్, రిజిస్టరుతో గుమస్తా గారు. హెడ్ గారు నా ఉత్తరం విప్పి కళ్లజోడు సవరించుకున్నారు. అది తర్వాత చదువుదురుగాని, ముందు ఇవి చూడండి సార్ అని రెండు ప్రతులూ ఆయన ముందు పెట్టాను. ఆయన నంబర్లు చూశారు, మార్కులు చూశారు, ఇది నీ అద్దం పేపరు కదా, మాకు చూపించకూడదు కదా అన్నారు. నేను కూర్చోలేదు.

"మూల చూడండి సార్. పదిహేడుకి నాలుగు పేజీలకే మడతలున్నాయి. నేను అక్కడిదాకే చదివి ఫెయిలు చేశాను. మాస్టారు అంతా చదివారు. అన్యాయం అని రాశానే, అది నేను చేసింది."

చట్టం మేడమ్ తల వంచుకుని తన కాగితాలు సర్దుకుంది, తనకీ అలాంటివి గుర్తొస్తున్నాయేమో. మాస్టారు చెవి మీది పెన్సిలు తీసి, దాన్ని చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నారు. గుమస్తా గారు రిజిస్టరు తెరిచి, కారణం గడిలో ఏం రాయమంటారు మేడమ్ అని మెల్లగా అడిగారు, ఆ గొంతులో ఎంత దయ ఉందంటే అస్వస్థత అని చెప్పినా రాసేసేలా ఉన్నారు. పెన్ను నేనే తీసుకున్నాను. గడి ఇరుకైనా సరిపోయింది. చదవలేదు అని రాసి సంతకం పెట్టాను.

హెడ్ గారు ఉత్తరం మడిచి పక్కన పెట్టారు. మరి ఇందులో ఏముంది అంటూ పదిహేడో ప్రతి దగ్గరికి లాక్కున్నారు. "పైకి చదవండి సార్," అన్నారు మాస్టారు. హెడ్ గారు వేలు తడి చేసుకుని, నాలుగో పేజీ దాటి, ఐదో పేజీ చదవడం మొదలుపెట్టారు. సబ్బుబిళ్ల వచ్చింది, తాళంచెవులాయన దాన్ని వెలుగులో తిప్పి చూశాడు, చట్టం మేడమ్ నవ్వింది, తర్వాత ఏమైంది అంది. హెడ్ గారు పేజీ తిప్పారు, మూల దగ్గర మడత పడింది.